భారలోహాలు కలిసిన సేంద్రియ వ్యర్థాలు: లార్వాలతో శుద్ధి

కుళ్లే వ్యర్థాలను కీటకాల లార్వాలకు మేతగా వేసి, వాటి రాశిని తగ్గించి, అందులోని మాంసకృత్తులనూ కొవ్వునూ పురుగు శరీరం రూపంలో తిరిగి రాబట్టుకునే పద్ధతిని లార్వా శుద్ధి అంటారు. వంటింటి చెత్త, కూరగాయల మార్కెట్ తుక్కు, పశువుల పేడ, కోళ్ల పెంట, మురుగునీటి బురద, ఇలా కుళ్లే గుణమున్న దేనికైనా ఇది పనికొస్తుంది. అదే వ్యర్థంలో కాడ్మియం, సీసం, క్రోమియం, రాగి, జింక్ వంటి భారలోహాలు కలిసి ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. కుళ్లే పదార్థాన్ని పురుగు తిని అరిగించుకోగలదు. లోహాన్ని ఏ ప్రాణీ అరిగించుకోలేదు, ఎందుకంటే అది మూలకం. పురుగు ఒంట్లోకో, పెంటలోకో, విడిచిన కుబుసంలోకో చేరుతుందే తప్ప మాయం కాదు. ఇక్కడ శుద్ధి అనే మాటకు అర్థం లోహాన్ని పోగొట్టడం కాదు, అది ఎంత ఎటు చేరిందో తెలుసుకుని, చేరిన చోటు నుంచి మళ్లీ అన్నం పళ్లెంలోకి రాకుండా ఆపడం.

పురుగు

ఈ పనికి ప్రపంచమంతటా ఎక్కువగా వాడేది బ్లాక్ సోల్జర్ ఫ్లై, అంటే నల్ల సైనిక ఈగ. శాస్త్రీయ నామం హెర్మీషియా ఇల్యూసెన్స్. దీన్ని 1758లో లిన్నేయస్ వర్ణించాడు. అమెరికా ఖండాల నుంచి బయల్దేరి వెచ్చని దేశాలన్నింటికీ పాకింది. చూడటానికి సన్నని నల్ల కందిరీగలా ఉంటుంది కానీ కుట్టదు, కరవదు. పెద్ద ఈగ తిండి కోసం ఇళ్లలోకి రాదు. లార్వాగా ఉన్నప్పుడు దాచుకున్న కొవ్వుతోనే వారం పది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతుంది. ఆడ ఈగ కుళ్లుతున్న పదార్థం మీద కాకుండా దాని పక్కన పొడి సందుల్లో ఒక్కసారే సుమారు 500 గుడ్లు పెడుతుంది. నాలుగు రోజులకు అవి పగులుతాయి. వేడి 27 నుంచి 30 డిగ్రీల మధ్య, మేతలో తేమ నూటికి 70 నుంచి 80 పాళ్లు ఉంటే లార్వా రెండు వారాల్లో ఎదుగుతుంది. ఈలోపు మేతలోని పొడి పదార్థంలో సగం నుంచి అయిదింట నాలుగు వంతుల దాకా తగ్గిపోతుంది. ఎండబెట్టిన లార్వాలో నూటికి 40 పాళ్లు మాంసకృత్తులు, 30 పాళ్లు కొవ్వు ఉంటాయి.

అమెరికాలోని జార్జియాలో క్రెయిగ్ షెపర్డ్ బృందం కోళ్ల పెంటపై ఈ లార్వాలను పెంచి చూసిన తర్వాత ఇది వ్యర్థాల నిర్వహణ పద్ధతిగా గుర్తింపు పొందింది. స్విట్జర్లాండ్ జల పరిశోధన సంస్థ ఇయావాగ్, ఇండోనేషియాలోని సురబయ పరిసరాల్లో పని చేసి, 2017లో అంచెలంచెలుగా వివరించే ఒక మార్గదర్శిని వెలువరించింది. దాని ప్రకారం అయిదు రోజుల వయసున్న 10,000 పిల్లపురుగులకు 12 రోజుల్లో 15 కిలోల తడి వ్యర్థం వేస్తే చాలు. అరవై సెంటీమీటర్ల పొడవు, నలభై సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టె సరిపోతుంది.

ఇక ఆంధ్రప్రదేశ్‌కు వస్తే, శ్రీ సత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి చుట్టూ ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు లార్వాను సాకి బతకడం కొత్త విద్య కాదు. పట్టుపురుగు కూడా లార్వాయే. చాకీ (తొలి దశ) పురుగులను తెచ్చుకుని, మల్బరీ ఆకు వేసి, నాలుగు జ్వరాలు (కుబుసం విడిచే దశలు) దాటించి, పండు పురుగులను గూళ్లు కట్టుకునే చంద్రికల మీదికి ఎక్కించడం ఇక్కడి రైతు కుటుంబాలకు నిత్యకృత్యం. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్, దాని పక్కనే కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ, ధర్మవరం మగ్గాలు అన్నీ ఈ పురుగు చుట్టూ అల్లుకున్నవే. నాలుగో జ్వరం దాటిన పురుగులు ఆకు కొరుకుతుంటే షెడ్డులో సన్న జల్లు కురుస్తున్నట్టు చప్పుడు వస్తుంది. ఈగ లార్వాల తొట్టె మీద చెవి పెట్టినా దాదాపు అలాంటి చప్పుడే వినిపిస్తుంది. చేయి పెడితే గోరువెచ్చగా తగులుతుంది, వేల పురుగులు ఒక్కచోట కదులుతూ అరిగించుకునే వేడి అది. పండు పురుగు గూడు కట్టే చోటు కోసం తల ఎత్తి వెతికినట్టే, ఈగ లార్వా కూడా ఎదిగాక మేత మానేసి, నల్లబడి, పొడి చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. తొట్టెకు ఒక పక్క ఏటవాలు గట్టు కడితే పురుగులు వాటంతట అవే ఎక్కి డబ్బాలో పడతాయి, ఏరుకునే పని ఉండదు.

పట్టు రైతుకు ఈగ అనగానే ముందు గుర్తొచ్చేది ఊజీ. 1980లో కర్ణాటకలోకి వచ్చి పక్క రాష్ట్రాలకూ పాకిన ఊజీ ఈగ బతికున్న పట్టుపురుగు ఒంటి మీదే గుడ్డు పెట్టి పంటను తీసేస్తుంది. షెడ్డు కిటికీలకు నైలాన్ వల కట్టుకునేది దాని భయానికే. సైనిక ఈగకూ ఊజీకీ పోలిక లేదు. ఇది బతికున్న కీటకం జోలికి పోదు. అయినా కుళ్లు పదార్థం ఉన్న చోట వేరే ఈగలూ మూగుతాయి కాబట్టి ఈ తొట్టెలను పట్టుపురుగుల షెడ్డుకు దూరంగా ఉంచడమే మంచిది.

వ్యర్థంలోకి లోహం వచ్చే దారులు

ఊరి చెత్తలోకి లోహం ఎక్కువగా విడదీయకపోవడం వల్లే వస్తుంది. అరటి తొక్కతో పాటు అయిపోయిన బ్యాటరీ, పగిలిన బల్బు, పెచ్చులూడిన రంగు, రంగు ప్లాస్టిక్, రోడ్డు దుమ్ము అన్నీ ఒకే బండిలో పడితే కాడ్మియం, సీసం, జింక్ కుళ్లిన కూరలోకి ఊరుతాయి. కోళ్లకూ పందులకూ దాణాలో రాగి, జింక్ కలుపుతారు. తిన్నదాంట్లో ఎక్కువ భాగం పెంటలోకే వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువుల్లో సహజంగానే కొద్దిపాటి కాడ్మియం ఉంటుంది, ఏళ్ల తరబడి వేసిన పొలం గడ్డీ గాదమూ దాన్ని కొంత మోసుకొస్తాయి.

ధర్మవరం వంటి పట్టు పట్టణంలో ఇంకో దారి ఉంది, ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకూ అదే ముఖ్యమైనది. పచ్చి పట్టు దారానికి సెరిసిన్ అనే జిగురు పట్టి ఉంటుంది. సబ్బు, సోడా వేసిన నీళ్లలో ఉడికించి దాన్ని వదిలిస్తారు. ఇలా ఉడికిస్తే దారం బరువులో దాదాపు నాలుగో వంతు జిగురుగా నీళ్లలో కలిసిపోతుంది. సెరిసిన్ అచ్చంగా మాంసకృత్తి. తర్వాత రంగు తొట్టె. పట్టుకు వాడే రంగుల్లో ఆమ్ల రంగులతో పాటు లోహ సంక్లిష్ట రంగులూ ఉంటాయి. రంగు అణువును గట్టిగా పట్టి ఉంచడానికి వాటిలో క్రోమియం గానీ కోబాల్ట్ గానీ ఉంటుంది. రంగు ఉతికినా వెలవకపోవడానికి ఆ లోహం కూడా ఒక కారణం. దారం పట్టుకోని రంగు కాలువలోకి పోతుంది. నకిలీ జరీలో వెండి పూత కింద ఉండేది రాగి తీగ. జిగురు నీళ్లూ రంగు నీళ్లూ ఒకే కాలువలో కలిస్తే, అడుగున పేరుకునే బురదలో ఒకే ముద్దలో పోషకమూ లోహమూ చిక్కుకుంటాయి. చిత్రావతి నది ఒడ్డున ఉన్న ధర్మవరానికి ఈ కలయిక చిన్న విషయం కాదు. జిగురు నీళ్లను విడిగా పట్టుకుంటే అది లార్వాకు మంచి మేత. రంగు నీళ్లతో కలిశాక అది పరీక్ష లేకుండా ముట్టుకోకూడని పదార్థం అవుతుంది. రంగు నీళ్లను రసాయనాలతో శుద్ధి చేయగా మిగిలే బురద 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందికి వస్తుంది, దాన్ని మామూలు ఎరువు గుంటలో వేయడానికి వీల్లేదు. పురుగుకు మేతగా వేస్తున్నామన్నంత మాత్రాన ఆ నియమం మారదు.

చెన్నేకొత్తపల్లికి దగ్గరలోనే రామగిరి బంగారు గనుల ప్రాంతం ఉంది. గనులున్న చోట మిగిలే రాతిపిండిలోనూ లోహాలుంటాయి కానీ అందులో కుళ్లేది ఏమీ లేదు. లార్వాకు అది తిండి కాదు, ఈ పద్ధతి దానికి వర్తించదు. తెలుగు నేలలో లోహ కాలుష్యానికి ఎక్కువగా చదివిన ఉదాహరణ హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు. అక్కడి నేలల్లో లోహాలు మోతాదు మించి చేరిన సంగతిని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అలాంటి చోట పండిన గడ్డి, అది తిన్న పశువు పేడ, ఆ పేడ వేసిన మడి, ఇలా లోహం కాళ్లు లేకుండానే ఊరు దాటుతుంది.

పురుగు ఒంట్లో లోహం

సైనిక ఈగ లార్వా పేగులో మూడు భాగాలు మూడు రకాలుగా పనిచేస్తాయి. మొదటి భాగం దాదాపు తటస్థంగా ఉంటుంది, మధ్య భాగం పీహెచ్ 2 దగ్గర కటిక పులుపు, చివరి భాగం 8 దాటిన క్షారం. మధ్య భాగపు పులుపులో మేతలోని లోహ లవణాలు కరుగుతాయి. కరిగినవన్నీ ఒకే తీరున లోపలికి పోవు. కాడ్మియం అయాను పరిమాణంలో కాల్షియానికి దగ్గర. ఈ లార్వా తన గట్టి చర్మం కోసం కాల్షియాన్ని ఆబగా పీల్చుకునే జాతి. కాల్షియం కోసం తెరిచిన వాకిట్లోంచి కాడ్మియం కూడా లోపలికి జొరబడుతుంది. ఒకసారి వచ్చాక మెటలోథయోనిన్ వంటి గంధకం ఎక్కువున్న మాంసకృత్తులు దాన్ని పట్టి కట్టేస్తాయి. పురుగుకు విషం తగలదు, కాడ్మియం ఒంట్లోనే ఉండిపోతుంది. జింక్, రాగి పురుగుకూ అవసరమే కాబట్టి వాటిని కావలసినంత ఉంచుకుని మిగతాది విసర్జిస్తుంది. మేతలో జింక్ పెరిగే కొద్దీ ఒంట్లో చేరే వంతు తగ్గుతుంది. సీసం, క్రోమియం ఎక్కువ భాగం పెంటలోనే ఉండిపోతాయి. చర్మంలోకి చేరిన లోహం కొంత కుబుసంతో పాటు రాలిపోతుంది.

స్టెఫాన్ డీనర్, క్రిస్టియన్ సుర్‌బ్రూగ్, క్లెమెంట్ టోక్నర్ 2015లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయంలో తరచూ ఉదహరించేది. కోళ్ల దాణాలో కాడ్మియం, సీసం, జింక్ విడివిడిగా కలిపి లార్వాలకు పెట్టారు. ఎదిగిన లార్వాలో కాడ్మియం మేతలో ఉన్నదానికి రెండు నుంచి మూడు రెట్లు చేరింది. సీసం మేతలో కంటే తక్కువే ఉంది. వేరే మేతలతో చేసిన కొన్ని ప్రయోగాల్లో ఇంతకంటే ఎక్కువ అంకెలూ వచ్చాయి. మేత స్వభావం, తేమ, లోహం ఏ లవణ రూపంలో ఉందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది కానీ కాడ్మియం పురుగులో కూడుతుందన్న మాట మారలేదు. అన్ని పురుగులూ ఇలాగే ఉండవు. మీల్‌వార్మ్ అనే పిండిపురుగు జాతిలో పోగయ్యేది ఆర్సెనిక్.

2015 నాటి ఆ ప్రయోగంలో ఇంకో ఫలితం ఉంది, పట్టు సీమ రైతు ప్రత్యేకంగా పట్టించుకోవలసింది అదే. లోహం కలిపిన మేత తిన్న లార్వాల బరువులో గానీ, ఎదగడానికి పట్టిన రోజుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పట్టుపురుగు అలా కాదు. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి వచ్చి మల్బరీ ఆకు మీద పడినా తట్టలో పురుగు తలవాల్చి చెప్పేస్తుంది. తరతరాలుగా ఇక్కడి రైతు పురుగును చూసి ఆకు మంచిచెడ్డలు తెలుసుకున్నాడు. సైనిక ఈగ లార్వా దగ్గర ఆ అనుభవం పనికిరాదు, పైగా దారి తప్పిస్తుంది. బొద్దుగా, చురుగ్గా, నిగనిగలాడుతూ ఉన్న పురుగులోనే కాడ్మియం నిండి ఉండవచ్చు. కంటికి కనిపించే ఆరోగ్యం ఇక్కడ దేనికీ సాక్ష్యం కాదు. ప్రయోగశాలలో పరమాణు శోషణ వర్ణపట యంత్రం చెప్పేదే సాక్ష్యం.

లోహం లెక్క

ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. పొడి బరువులో 100 కిలోల వ్యర్థం ఉందనుకుంటే, లార్వాలు దాన్ని తిన్నాక 18 కిలోల పురుగు, 45 కిలోల పెంట మిగిలాయని, తక్కిన 37 కిలోలు ఊపిరిగా, ఆవిరిగా గాలిలో కలిసిందని అనుకోవచ్చు. గాలిలో కలిసినదాంతో పాటు లోహం పోలేదు. వ్యర్థంలో కిలోకు 60 మి.గ్రా. సీసం ఉంటే మొత్తం 6,000 మి.గ్రా. పురుగులో మేతలో ఉన్నదాంట్లో సగం సాంద్రత చేరిందనుకుంటే, కిలోకు 30 చొప్పున 18 కిలోల పురుగులో 540 మి.గ్రా. మిగతా 5,460 మి.గ్రా. 45 కిలోల పెంటలో ఉంటుంది, అంటే కిలోకు 121 మి.గ్రా. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పట్టణ కంపోస్టులో సీసానికి పెట్టిన హద్దు కిలోకు 100 మి.గ్రా. శుద్ధికి ముందు హద్దు లోపలే ఉన్న పదార్థం శుద్ధి తర్వాత హద్దు దాటింది. పురుగు తప్పు చేయలేదు, రాశి తగ్గింది కాబట్టి లోహం చిక్కబడింది.

కాడ్మియం విషయంలో ఇది తిరగబడుతుంది. కిలోకు 2 మి.గ్రా. ఉన్న వ్యర్థంలో మొత్తం 200 మి.గ్రా. ఉంటుంది. పురుగులో రెండున్నర రెట్లు చేరితే కిలోకు 5 మి.గ్రా., 18 కిలోలకు 90. పెంటలో మిగిలిన 110 మి.గ్రా. కిలోకు సుమారు 2.4 అవుతుంది. కంపోస్టులో కాడ్మియం హద్దు 5 కాబట్టి పెంట గట్టెక్కుతుంది. పురుగు గట్టెక్కదు. జంతు మూలమున్న దాణా సరుకులో కాడ్మియం కిలోకు 2 మి.గ్రా. మించకూడదని ఐరోపా సమాఖ్య నియమం.

ఒకే తొట్టెలో ఒక లోహం పురుగును పాడుచేస్తే ఇంకొకటి ఎరువును పాడుచేస్తుంది. రెండింటినీ విడివిడిగా పరీక్షించకుండా శుద్ధి జరిగిందని చెప్పడం సబబు కాదు. అదే కంపోస్టు ప్రమాణాల్లో క్రోమియానికీ నికెల్‌కూ 50, రాగికి 300, జింక్‌కు 1,000, ఆర్సెనిక్‌కు 10, పాదరసానికి 0.15 మి.గ్రా. హద్దులున్నాయి. మొత్తం లోహం ఎంతన్నదే కాక, మొక్క వేరు పీల్చుకోగల రూపంలో ఎంత ఉందన్నదీ చూడాలి. లార్వాలు తిన్నాక పెంట సాధారణంగా క్షారం వైపు మొగ్గుతుంది, దాంతో కొన్ని లోహాలు అంత తేలిగ్గా కరగని రూపాల్లోకి పోతాయి. మేతలో బయోచార్, అంటే గాలి తగలకుండా కాల్చిన బొగ్గు కలిపితే అది కొంత లోహాన్ని పట్టి ఉంచుతుంది. ఇవి ఉపశమనాలే, లోహం అక్కడే ఉంటుంది.

పురుగు, పెంట చేరవలసిన చోట్లు

లోహం లేని వ్యర్థంపై పెరిగిన లార్వా విలువైన దాణా. ఐరోపా 2017లో చేపల మేతకు, 2021లో కోళ్ల, పందుల మేతకు కీటక మాంసకృత్తులను అనుమతించింది. అక్కడ కూడా హోటల్ ఎంగిలినీ పేడనూ కీటకాలకు మేతగా వేయడానికి వీల్లేదు. రొయ్యల సాగులో దేశంలో ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఈ దాణా అవసరం స్పష్టమే. పురుగును మేతగా మార్చడం హిందూపురం సీమకు తెలియని పనీ కాదు. రీలింగ్ బేసిన్‌లో దారం తీశాక మిగిలే పట్టు ప్యూపాలో సగానికి పైగా మాంసకృత్తులే. అది కోళ్ల దాణాలోకీ చేపల దాణాలోకీ పోతుంది. అందుకే ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. సరుకు అమ్ముడుపోయే దారి ముందే ఉన్నప్పుడు పరీక్ష చేయని సరుకూ ఆ దారినే పోతుంది.

లోహమున్న వ్యర్థంపై పెరిగిన లార్వాను దాణాగా వాడకూడదు. దాని నుంచి కొవ్వును వేరు చేసి బయోడీజిల్‌కు వాడవచ్చు. లోహాలు ఎక్కువగా మాంసకృత్తులకు అతుక్కుని ఉంటాయి కాబట్టి కొవ్వులోకి తక్కువే వస్తాయి. మిగిలిన పిండిని పొగ వడపోత ఉన్న కొలిమిలో కాల్చి, బూడిదను ప్రమాదకర వ్యర్థాల నిల్వ కేంద్రానికి పంపాలి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కేంద్రాలు దుండిగల్‌లోనూ పరవాడలోనూ ఉన్నాయి. టన్నుల వ్యర్థాన్ని అంత దూరం మోయడం కంటే రాశిని కుదించి పంపడం తేలిక, లోహమున్న వ్యర్థం విషయంలో లార్వా శుద్ధి నిజంగా చేసే మేలు ఇదే. దాణాకు పోయే లార్వాలనైతే పట్టిన తర్వాత ఒకటి రెండు రోజులు మేత లేకుండా ఉంచితే పేగులో ఉన్నది ఖాళీ అవుతుంది, దాంతో పాటు పేగులోని లోహమూ పోతుంది. కండలోకి చేరినది పోదు.

పెంట విషయంలో ఈ నేల స్వభావం చూడాలి. ఇక్కడివి ఎక్కువగా తేలికపాటి ఎర్ర నేలలు. సేంద్రియ పదార్థం తక్కువ, లోహాన్ని పట్టి ఆపే శక్తీ తక్కువే. పంట వేరుశనగ. కాడ్మియాన్ని వేరు నుంచి గింజ దాకా చేరవేసే పంటల్లో అదొకటి. మనిషి మూత్రపిండంలో చేరిన కాడ్మియంలో సగం బయటికి పోవడానికే పదేళ్లకు పైగా పడుతుంది. జపాన్‌లో జింజు నది ఒడ్డున ఎముకలు విరిగి మంచాన పడ్డ వరి రైతు కుటుంబాల జబ్బుకు కాడ్మియమే కారణమని ఆ ప్రభుత్వం 1968లో ఒప్పుకునేసరికి దశాబ్దాలు గడిచిపోయాయి. చెన్నేకొత్తపల్లిలో 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్, దానితో ముడిపడిన ధరణి రైతు సహకార సంఘం కొర్ర, అండుకొర్ర, వేరుశనగను సేంద్రియంగా పండించి అమ్ముతున్నాయి. అలాంటి సాగు పరువంతా పొలంలో వేసే ఎరువు మీదే ఆధారపడి ఉంటుంది. ఎరువు పురుగుల పెంట అయినంత మాత్రాన సేంద్రియం అయిపోదు, ఆ పురుగు తిన్నది ఏమిటో తెలిసి ఉండాలి. ఈ నేలకు సరిపడే లార్వా శుద్ధి ఇంటి దగ్గరే విడదీసిన వంటింటి చెత్తతో, సంత తుక్కుతో, రంగు నీళ్లు సోకని జిగురు నీళ్లతో, మల్బరీ తట్టల కింద మిగిలిన పుల్లా ఆకుతో మొదలుకావాలి.

నేలలోనే లోహం చేరిపోయిన చోట వేరే దారి ఆలోచిస్తున్నారు. అక్కడ తిండి పంటకు బదులు మల్బరీ వేయడం. మల్బరీ లోహాన్ని ఎక్కువగా వేళ్లలోనే ఆపుకుంటుంది. ఆకు ద్వారా వచ్చిన కాడ్మియాన్ని పట్టుపురుగు చాలావరకు విసర్జిస్తుంది, దారంలోకి వచ్చేది స్వల్పం. పట్టును ఎవరూ తినరు కాబట్టి చీర దాకా వచ్చిన దారం వల్ల ప్రమాదం లేదు. తట్ట కింద రాలిన విసర్జితాలను మాత్రం కూరగాయల మడికి వేయకూడదు, అదే మల్బరీ తోటకే తిరిగి వేయాలి. రీలింగ్ తర్వాత మిగిలిన ప్యూపాను దాణా వ్యాపారికి ఇచ్చే ముందు లోహాల పరీక్ష చేయించాలి.